వెండి సిరాతో కాగితం స్పీకరు ఎలా చేయాలి?

"అన్నా, కండక్టివ్ (కరెంటు పారే) సిరాతో చుట్ట, అదే కాయిల్, గీశాను, ఆంప్లిఫయరుకి కలిపాను, చప్పుడే రాలేదు." సైన్స్ ఫెయిర్ల కాలం వచ్చిందంటే నాకొచ్చే ఫోన్లలో సగం ఇవే. కావలి నుంచి చేసినా, పొదిలి నుంచి చేసినా, ఒంగోలు పాలిటెక్నిక్ పిల్లలు చేసినా ప్రశ్న మారదు. తప్పు కూడా దాదాపు ఒకటే: చవగ్గా దొరికిందని వెండి సిరా బదులు నల్ల (కార్బన్) సిరా కొన్నారు. అందరికీ విడివిడిగా చెప్పేకంటే మొత్తం ఒకచోట రాస్తే మేలనిపించింది.

ఇది అయస్కాంతం మీద ఆడే కాగితం స్పీకరు. కాగితం మీద సిరాతో చుట్ట అచ్చు వేస్తాం, కింద అయస్కాంతం పెడతాం. చుట్టలో ఆడియో కరెంటు పారితే కాగితం కదులుతుంది, అదే శబ్దం. నిశ్శబ్దంగా ఉన్న గదిలో రెండు మూడు అడుగుల దూరానికి మాట, పాట స్పష్టంగా వినిపిస్తాయి. బేస్ మాత్రం రాదు. ఇది ముందే తెలుసుకుని మొదలుపెట్టండి.

సిరా కొనేముందు గడులు లెక్కపెట్టండి

సిరా డబ్బా మీద "చదరానికి ఇన్ని ఓంలు" అని రాసి ఉంటుంది. చదరం పెద్దదైనా చిన్నదైనా, మందం మారనంతవరకు దాని రెసిస్టెన్స్ ఒకటే. కాబట్టి గీత పొడవును వెడల్పుతో భాగించండి. ఎంత వస్తే అన్ని చదరాలు, అంటే గడులు, ఒకదాని వెంట ఒకటి పేర్చినట్టు లెక్క.

మన చుట్ట కొలతలు ఇవి: బయటి వ్యాసం 60 మిల్లీమీటర్లు, లోపల ఖాళీ 20 మిల్లీమీటర్లు, గీత 1 మిల్లీమీటరు, సందు 1 మిల్లీమీటరు, 10 చుట్లు. గీత మొత్తం పొడవు సుమారు 1.26 మీటర్లు, అంటే దాదాపు 1260 గడులు. మంచి వెండి సిరా చదరానికి 0.02 ఓంల దగ్గర ఉంటుంది, మొత్తం 25 ఓంలు వస్తాయి. ఆంప్లిఫయరుకి అది హాయిగా నప్పుతుంది. అదే చదరానికి 50 ఓంలుండే కార్బన్ సిరాతో వేస్తే 63 వేల ఓంలు. దాంట్లో కరెంటు పారదు, కాగితం కదలదు. మీరు ఎంత బాగా గీశారన్నది ఇక్కడ లెక్కలోకే రాదు.

నల్ల సిరా పనికిరానిదని కాదు. దాని చోటు వేరే, చివర్లో చెబుతాను.

డబ్బా మీది అంకె ఎంత మందానికి రాశారో కూడా చూడండి. చాలావాటికి 25 మైక్రాన్ల మందానికి రాస్తారు. మీ పూత అందులో సగమే ఉంటే రెసిస్టెన్స్ రెట్టింపవుతుంది.

కావలసినవి

- వెండి సిరా, 5 గ్రాములు. ఒక చుట్టకు నిజంగా పట్టేది అర గ్రాము లోపే, మిగతాది పరికరాలకు అంటుకుపోతుంది.
- 130 నుంచి 170 జీఎస్ఎం ఆర్ట్ పేపరు. శుభలేఖలు అచ్చు వేసే ఏ ప్రెస్సులో అడిగినా కత్తిరింపు ముక్కలు ఇస్తారు.
- చుట్ట ఆకారం కోసిన వినైల్ స్టిక్కరు.
- 20 మిల్లీమీటర్ల వ్యాసం, 5 మిల్లీమీటర్ల మందం ఉన్న నియోడిమియం అయస్కాంతం. లేకపోతే పాత స్పీకరులోంచి తీసిన రింగు అయస్కాంతంతో కూడా నడుస్తుంది, శబ్దం తగ్గుతుంది.
- ఎల్ఎం 386 ఆంప్లిఫయరు బోర్డు, 9 వోల్టుల సప్లై.
- మల్టీమీటరు. ఇది లేకుండా మొదలుపెట్టొద్దు.
- గట్టి అట్టపెట్టె, డబుల్ సైడ్ టేపు, రాగి టేపు, క్రోకడైల్ క్లిప్పులు, పెన్సిల్ సెల్, బటర్ పేపరు, ఇస్త్రీ పెట్టె, పాత ఏటీఎం కార్డు, చేతి గ్లవ్స్.

స్టిక్కరు ఎక్కడ కోయించాలని చాలామంది తికమక పడతారు. బండి నంబరు ప్లేట్లకు, ఆటోల మీద పేర్లకు రేడియం స్టిక్కర్లు కోసే షాపు చాలు. నెల్లూరు ట్రంక్ రోడ్డు వైపే కాదు, మండల కేంద్రాల్లో కూడా ఇప్పుడు కటింగ్ ప్లాటరు ఉంటోంది. కంప్యూటరులో చుట్ట గీసి ఫైలు ఇవ్వండి. "గీత లోపలిది పీకేసి, పైన మాస్కింగ్ వేసి ఇవ్వండి" అని చెప్పండి. మాస్కింగ్ అంటే ముక్కలు చెదరకుండా పైన వేసే టేపు, అక్షరాలు అంటించేటప్పుడు వాళ్లు రోజూ చేసే పనే.

పది, ఇరవై చుట్టలు కావాలంటే మాత్రం స్క్రీన్ ప్రింటింగ్ నయం. అప్పుడు అంగుళానికి 200 దారాల మెష్ అడగండి. శుభలేఖలకు వాడే 300 మెష్‌లో వెండి రేణువులు సరిగ్గా దిగవు, పూత పలచబడుతుంది. స్క్రీన్ మీద కనీసం పది ఇరవై గ్రాముల సిరా పోయాలి కాబట్టి ఒక్క చుట్టకు ఆ దారి దండగ.

చేసే పద్ధతి

1. సిరాను కలపండి. వెండి బరువు, అడుక్కి చేరుతుంది. పైన తేరిన నూనెలాంటిదే వాడితే ఎండాక మెరుస్తుంది గానీ కరెంటు పారదు. ఐస్‌క్రీం పుల్లతో అడుగు తాకేలా రెండు మూడు నిమిషాలు నెమ్మదిగా తిప్పండి. గట్టిగా ఊపితే బుడగలు వస్తాయి, ప్రతి బుడగా గీతలో ఒక చిల్లి అవుతుంది.

2. స్టిక్కరు జిగురు తగ్గించండి. నేరుగా కాగితానికి అంటిస్తే పీకేటప్పుడు కాగితం పొర లేచిపోతుంది. ముందు ఒకసారి శుభ్రమైన నూలుగుడ్డకు అద్ది తీయండి, తర్వాత కాగితానికి అంటించి పైనున్న మాస్కింగ్ తీసేయండి. గీత అంచులన్నీ గోటితో నొక్కండి. అంచు లేచిన చోట సిరా కిందికి పాకి పక్క చుట్టును తాకుతుంది.

3. సిరా లాగండి. చుట్ట ఒక పక్కన సిరా వేసి, ఏటీఎం కార్డును 45 డిగ్రీలు వంచి పట్టుకుని ఒకే ఊపులో లాగండి. అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి. అంతే. పదేపదే రుద్దితే వేసింది కార్డుతోనే పోతుంది.

4. స్టిక్కరు పీకండి. సిరా పూర్తిగా ఆరకముందే, ఐదు నిమిషాల లోపు. పైకి లాగొద్దు. అంచు పట్టుకుని వెనక్కి మడిచి, కాగితానికి ఆనించినట్టే మెల్లగా లాగండి. ఎండిపోయాక పీకితే సిరా కూడా స్టిక్కరుతో లేచి వస్తుంది.

5. ముందు గాలికి ఆరనివ్వండి. కనీసం అరగంట, వేలికి అంటుకోనంతవరకు. తొందరపడి ఇస్త్రీ పెట్టె పెడితే చుట్టంతా అలుక్కుపోతుంది.

6. తర్వాత వేడి చేయండి. ఎక్కువ వెండి సిరాలు 120, 130 డిగ్రీల దగ్గర పది పదిహేను నిమిషాలు అడుగుతాయి, మీ డబ్బా మీద ఏముందో చూసి అదే పాటించండి. కాగితం పైన బటర్ పేపరు వేసి, ఇస్త్రీ పెట్టెను ఊలు గుర్తు దగ్గర పెట్టి, రుద్దకుండా అద్దుతూ పోండి. ఐదు నిమిషాలకోసారి ఆపి, చల్లారాక చుట్ట రెండు కొసల మధ్య రెసిస్టెన్స్ కొలిచి కాగితం మీద రాసుకోండి. వరసగా రెండు కొలతలు ఒకటే వస్తే ఉడికినట్టు. కాగితం బదులు ఓహెచ్‌పీ షీటు (పారదర్శక ప్లాస్టిక్ షీటు) వాడితే ఇస్త్రీ పెట్టె వద్దు, షీటు ముడుచుకుంటుంది. హెయిర్ డ్రయరు వాడి, ఎక్కువసేపు ఉంచండి.

ఇక్కడ మన వాతావరణం గురించి ఒక మాట. రోహిణీ కార్తె ఎండలో పెడితే చాలదా అని అడుగుతారు. ఎండ ఆరబెడుతుంది, ఉడికించదు. కార్తీకంలో ముసురు పట్టినప్పుడైతే కాగితమే తేమ పీల్చి ఉంటుంది. అచ్చు వేసేముందు ఆ కాగితాన్ని ఒకసారి ఇస్త్రీ చేసుకోండి. నవంబరు వానల్లో ఈ పని చేయకుండా నేను వేసిన చుట్ట 180 ఓంల దగ్గర ఆగిపోయింది. మళ్లీ వేడి చేసినా దిగలేదు, పారేయాల్సి వచ్చింది.

7. లోపలి కొసను బయటకు తీయండి. ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే. చుట్ట మధ్యలో ఉన్న కొస బయటకు రావాలంటే మిగతా చుట్లను దాటాలి, వాటిని తాకకూడదు. లోపలి కొస దగ్గర 4 మిల్లీమీటర్ల చుక్క వేయండి. చుక్క మధ్యలో సూదితో రంధ్రం పొడవండి. కాగితం తిప్పి, అటువైపు రంధ్రం నుంచి అంచు దాకా 3 మిల్లీమీటర్ల వెడల్పు గీత వేయండి. రంధ్రంలో సిరా చుక్కను సూదిమొనతో అటూ ఇటూ కూరండి. వెలుతురుకు ఎత్తి చూస్తే రంధ్రంలోంచి చుక్క వెలుగు కూడా రాకూడదు. మళ్లీ ఆరబెట్టి, వేడి చేసి, కొలవండి. గీత రెండు మూడు ఓంల కంటే ఎక్కువ కలిపితే రంధ్రం సరిగ్గా నిండలేదు.

ఇది కష్టమనిపిస్తే చుట్ల మీద అడ్డంగా సెల్లోటేపు అంటించి, దాని మీదుగా రాగి టేపు తీసుకురండి. పని జరుగుతుంది, కాకపోతే ఆ చోట కాగితం బిగుసుకుని శబ్దం కొంచెం చదునవుతుంది.

8. వైర్లు కలపండి. సోల్డర్ వద్దు. కరిగిన తగరం వెండిని తనలోకి లాగేసుకుంటుంది, చుక్క మాయమై కింద మాడిన కాగితం మిగులుతుంది. ఒక బడి ప్రదర్శనకు ఇంకో పది నిమిషాలుందనగా నేను చేసిన పొరపాటు ఇదే. ఆ పిల్లవాడి ముఖం ఇప్పటికీ గుర్తుంది. రాగి టేపు అంటించండి. మామూలు రాగి టేపు జిగురు కరెంటును పోనివ్వదు, కాబట్టి కొసను లోపలికి మడిచి రాగి వైపే సిరాకు తగిలేలా పెట్టి, అంచున ఒక సిరా చుక్క వేయండి. టేపు మీద క్లిప్పు పెట్టండి.

9. పెట్టెలో బిగించండి. అట్టపెట్టె మూతలో 8 సెంటీమీటర్ల వృత్తం కోసి, దాని మీద కాగితాన్ని నాలుగు అంచులా డబుల్ సైడ్ టేపుతో అంటించండి. డప్పులాగా బిగించొద్దు, పిసరంత ఉబ్బు ఉంటే శబ్దం తెరుచుకుంటుంది. అడుగున అయస్కాంతాన్ని చెక్కముక్క మీద నిలిపి, కాగితానికి 1 నుంచి 2 మిల్లీమీటర్ల దూరంలో, సరిగ్గా చుట్ట మధ్య ఖాళీ కిందికి తేండి. అయస్కాంతం అంచు దగ్గర బలరేఖలు పక్కకు వంగుతాయి, చుట్టను పైకీ కిందికీ కదిపేది ఆ వంపే. అందుకే ఖాళీని, అయస్కాంతాన్ని ఒకే వ్యాసంలో పెట్టుకున్నాం. అయస్కాంతం వెనక ఇనుప వాషరు పెడితే ఇంకాస్త బలం.

చిన్నపిల్లలున్న ఇంట్లో ఈ అయస్కాంతాలు అందుబాటులో వదలొద్దు. రెండు మింగితే అవి పేగుల్లో ఒకదాన్నొకటి పట్టుకుని ప్రాణాల మీదికి తెస్తాయి. గుండెకు పేస్‌మేకరు ఉన్నవాళ్ల దగ్గరికి కూడా తీసుకెళ్లొద్దు.

ఆంప్లిఫయరు కలిపేముందు మూడు పరీక్షలు

మొదటిది కంటితో. కాగితం కింద ఫోను టార్చి వెలిగించండి. వెండి గీత నల్లగా, సందు తెల్లగా కనిపిస్తుంది. ఎక్కడైనా తెల్ల సందులో సన్నటి నల్ల వెంట్రుకలా దాటి ఉంటే అది షార్టు. బ్లేడు మొనతో గీకేయండి. నల్ల గీతలో తెల్ల చుక్క కనిపిస్తే అది తెగిన చోటు, లేదా తెగబోయే చోటు. అక్కడ సిరా అద్దండి.

రెండోది మీటరుతో. ముందు మీటరు వైర్లు రెండూ ఒకదానికొకటి తాకించి ఎంత చూపిస్తుందో చూసి, దాన్ని తర్వాతి కొలతలోంచి తీసేయండి. 15 నుంచి 35 ఓంల మధ్య వస్తే ముందుకు వెళ్లండి. ఏమీ చూపించకపోతే తెగింది: ఒక వైరు బయటి కొసలో ఉంచి, రెండోదాన్ని సరిగ్గా మధ్య చుట్టు మీద పెట్టండి. చూపిస్తే తెగింది లోపలి సగంలో, లేకపోతే బయటి సగంలో. అలా సగం సగం చేసుకుంటూ పోతే నాలుగైదు కొలతల్లో దొరికిపోతుంది. వందల ఓంలు చూపిస్తే సిరా ఉడకలేదు, లేదా పలచగా పడింది. ఇంకో పూత వేయండి, రెసిస్టెన్స్ సుమారు సగానికి దిగుతుంది. 10 ఓంల కంటే తక్కువ వస్తే సంబరపడకండి, చుట్లు ఒకదాన్నొకటి తాకుతున్నాయి.

మూడోది పెన్సిల్ సెల్‌తో. 1.5 వోల్టుల సెల్‌ను రెండు కొసలకు ఒక్క క్షణం తాకించి తీయండి. కాగితం "టప్" మనాలి. చెవి దగ్గర పెట్టుకుంటే బాగా తెలుస్తుంది, కాగితం మీద నాలుగు ఆవగింజలు వేస్తే ఎగరడం కనిపిస్తుంది. మీటరు బాగుందని చెప్పి, టప్ రాకపోతే లోపం సిరాలో లేదు, అయస్కాంతం దూరంలోనో పక్కకు జరగడంలోనో ఉంది.

ఈ మూడూ దాటాకే ఆంప్లిఫయరు. వాల్యూమ్ సున్నాలో పెట్టి, ఫోనులో 1000 హెర్ట్జ్ టోను పెట్టి, నెమ్మదిగా పెంచండి. ఐదు నిమిషాలకు చుట్ట మీద వేలు పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు. ఒకే చోట కాలుతుంటే అక్కడ గీత సన్నబడింది, ఆపేసి సిరా అద్దండి.

ఎల్ఎం 386 ఎందుకు, పీఏఎం 8403 ఆంప్లిఫయరు బోర్డు ఇంకా చవక కదా అంటారు. అది క్లాస్ డి రకం, అంటే కరెంటును చాలా వేగంగా వేస్తూ ఆపుతూ పనిచేసేది; మామూలు స్పీకరు కాయిల్‌కున్న ఇండక్టెన్స్‌ను (కరెంటు మార్పును అడ్డే గుణాన్ని) నమ్ముకుని తయారైంది. మన చుట్టది నాలుగు మైక్రోహెన్రీల దగ్గరే. ఇంట్లో అదే ఉంటే వాడండి గానీ దాని స్పీకరు వైర్లు రెండింటిలో ఏదీ గ్రౌండుకు (సప్లై మైనస్ వైరుకు) తగలకూడదు, సప్లై 5 వోల్టులు దాటకూడదు.

శబ్దం వస్తోంది గానీ బాగాలేదంటే

బరబరమంటే కాగితం అయస్కాంతాన్ని తాకుతోంది, లేదా ఒక అంచు టేపు లేచింది. ముందు అంచులు నొక్కి వినండి. మధ్యమధ్యలో ఆగుతూ చిర్రుమంటే క్లిప్పు దగ్గర చూడండి, రాగి టేపు మడత సరిగ్గా తగలడం లేదు. శుభ్రంగానే ఉండి మరీ చిన్నగా వినిపిస్తే అయస్కాంతాన్ని అర మిల్లీమీటరు దగ్గరికి జరపండి, ఆ అర మిల్లీమీటరు తేడా చెవికి తెలిసిపోతుంది. వాల్యూమ్ పెంచేకొద్దీ గొంతు చీరుకుపోతే అది ఆంప్లిఫయరు పరిమితి, కొంచెం తగ్గించడమే మందు.

కొన్నాళ్లకు గీత నల్లబడితే కంగారు పడకండి, ఇంట్లో వెండి కుంకుమభరిణె నల్లబడినట్టే. మీటరు మారనంతవరకు నష్టం లేదు. మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రపు ఊళ్లలో ఉండేవాళ్లు మాత్రం పైన పలచగా క్లియర్ వార్నిష్ స్ప్రే కొట్టండి. తేమలో డీసీ వోల్టేజి ఉంటే వెండి సందుల్లోకి వేళ్లలా పాకి షార్టు చేస్తుంది.

ఇంట్లో సిరా చేసుకోవచ్చా?

వెండి సిరా వద్దు. సిల్వర్ నైట్రేటు, అమ్మోనియాతో చేసే పద్ధతి వీడియోల్లో కనిపిస్తుంది. ఆ ద్రావణాన్ని నిల్వ ఉంచితే పేలే పదార్థం తయారవుతుంది, సీసా కదిలించినా పేలొచ్చు. పిల్లలతో చేయించే టీచర్లు దయచేసి ఈ జోలికి వెళ్లొద్దు.

కార్బన్ సిరా చేసుకోవచ్చు. గ్రాఫైటు పొడి, దీపం మసి కలిపి క్లియర్ వార్నిష్‌లో చిక్కగా నూరండి. దాంతో వాల్యూమ్ కంట్రోలు చక్కగా కుదురుతుంది. పాత రేడియో వాల్యూమ్ కంట్రోలు మూత విప్పి చూడండి: గోధుమరంగు అట్టలాంటి బేకలైటు మీద గుర్రపునాడా ఆకారంలో నల్లటి పట్టీ, దాని మీద జారే రాగి నాలుక. ఆ నల్ల పట్టీ కార్బన్ పూతే. మీరు 10 సెంటీమీటర్ల పొడవు, 1 సెంటీమీటరు వెడల్పుతో పట్టీ వేస్తే 10 గడులు. సిరా చదరానికి వెయ్యి ఓంలుంటే సరిగ్గా 10 కిలో ఓంల కంట్రోలు. రెండు కొసల్లో వెండి చుక్కలు వేసి వైర్లు కలపండి, మూడో వైరు జారే రాగి ముక్కకు. పట్టీని గ్రౌండు వైపు వెడల్పుగా, ఇంకో కొసకు సన్నగా గీస్తే వాల్యూమ్ చెవికి సమంగా పెరుగుతున్నట్టు ఉంటుంది.

కాకిబంగారంతో కెపాసిటరు

ఇది మన నెల్లూరు వైపు వాళ్లు తప్పక చేయాలని నా కోరిక. గూడూరు, సైదాపురం వైపు తవ్విన నెల్లూరు అభ్రకం, ఆ లేత ఆకుపచ్చ ఛాయ ఉన్న కాకిబంగారం, కరెంటు సామాన్లలో దశాబ్దాలపాటు వాడిన సరుకు. సిల్వర్ మైకా కెపాసిటరు అంటే అభ్రకం రేకు మీద వెండి పూతే.

గుండుసూదితో అంచు విడదీసి అభ్రకాన్ని పలచటి రేకులుగా చీల్చండి. పది రేకులు కలిపి ఇంటర్ ల్యాబులోని స్క్రూ గేజిలో పెట్టి, వచ్చినదాన్ని పదితో భాగించండి. 50 మైక్రాన్లు వచ్చేదాకా చీల్చుకోండి. రెండువైపులా ఎదురెదురుగా 2 సెంటీమీటర్ల చదరం వెండి సిరా వేయండి, చుట్టూ 3 మిల్లీమీటర్ల అంచు ఖాళీగా వదలండి, లేకపోతే సిరా అంచు దాటి రెండువైపులూ కలిసిపోతాయి. అభ్రకానికి వేడి భయం లేదు, కాబట్టి 130 డిగ్రీల దాకా నిశ్చింతగా ఉడికించవచ్చు.

మీటరు కెపాసిటెన్స్ రేంజిలో 450 పీకోఫారాడ్లకు అటూ ఇటూగా చూపించాలి. సగమే చూపిస్తే రేకు మందంగా ఉంది. అలాంటివి నాలుగు పక్కపక్కన కలిపితే 1800 అవుతాయి. ఆంప్లిఫయరు ఇన్‌పుట్‌కు ముందు వరసలో 47 కిలో ఓంల రెసిస్టరు పెట్టి, దాని తర్వాత ఈ కెపాసిటరును గ్రౌండుకు కలపండి. పై స్థాయిలో ఉన్న కీచుతనం తగ్గి, కాగితం స్పీకరులో గొంతు మెత్తబడుతుంది. వాల్యూమ్ కూడా కొంత దిగుతుంది, ఆ మేరకు కంట్రోలు పెంచుకోండి.